చెస్టర్ సిటీ ఎలా మూతపడింది: ఒక నాన్-లీగ్ క్లబ్బు ఆఖరి సీజన్

2010 ఫిబ్రవరి 9, మంగళవారం. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో ఐదో అంచె అయిన కాన్ఫరెన్స్ లీగ్‌లో ఆ సాయంత్రం చెస్టర్ సిటీ జట్టు గ్లాస్టర్‌షైర్‌లోని నెయిల్స్‌వర్త్ వెళ్లి ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్‌తో ఆడాలి. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. బస్సు కదల్లేదు. పాత బాకీ చేతిలో పెట్టనిదే బయల్దేరేది లేదని డ్రైవర్లు తెగేసి చెప్పారు. ఆటగాళ్లకు కూడా జీతాలు సరిగా అందడం లేదు. మ్యాచ్ జరగలేదు. ఆ తర్వాత చెస్టర్ సిటీ మరే మ్యాచూ ఆడలేదు. పదిహేడు రోజులకు లీగ్ దాన్ని బహిష్కరించింది. నెల తిరిగేసరికి, మార్చి 10న, లండన్ హైకోర్టు ఆ క్లబ్బును మూసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. 1885లో మొదలైన క్లబ్బు అది.

కోర్టుకు వెళ్లింది బ్రిటన్ పన్నుల శాఖ. రావలసిన బకాయి 26,125 పౌండ్లు, అప్పటి మారకం లెక్కన దాదాపు 18 లక్షల రూపాయలు. ప్రీమియర్ లీగ్‌లో పేరున్న ఆటగాడు ఒక్క వారంలో దీనికి రెండు మూడు రెట్లు సంపాదిస్తున్న కాలమది. 125 ఏళ్ల క్లబ్బు ఇంత చిన్న మొత్తానికి కూలిపోయిందంటే నమ్మబుద్ధి కాదు. నిజానికి కూలింది ఈ మొత్తం వల్ల కాదు. అంతకు చాలా ముందే ఆ క్లబ్బును నమ్మేవాళ్లు అయిపోయారు. బస్సు కంపెనీ నమ్మలేదు, లీగ్ నమ్మలేదు, ఆఖరికి సొంత అభిమానులే నమ్మలేదు. ఈ సీజన్‌ను అర్థం చేసుకోవాలంటే గోల్స్ పట్టిక పక్కన పెట్టి, ఎవరు ఎప్పుడు నమ్మకం వదులుకున్నారో చూడాలి.

నాన్-లీగ్ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లాండ్‌లో ప్రీమియర్ లీగ్, దాని కింద మూడు డివిజన్లు కలిపి 92 క్లబ్బులు. వాటికి దిగువన ఉన్నదంతా నాన్-లీగే. ఐదో అంచె నుంచి మొదలై ఊరి పార్కుల్లో ఆడే జట్ల దాకా దిగుతుంది. అందులో అన్నిటికంటే పైదైన కాన్ఫరెన్స్‌ను ఇప్పుడు నేషనల్ లీగ్ అంటున్నారు. నాలుగో అంచె నుంచి ఐదో అంచెకు జారితే పోయేది ఒక్క మెట్టే అయినా, పైనుంచి వచ్చే టీవీ డబ్బులో వాటా దాదాపుగా ఆగిపోతుంది. ఇక మిగిలేవి టికెట్ల డబ్బు, మైదానంలోని బారు, లాటరీ టికెట్లు, ఊళ్లో వ్యాపారులు ఇచ్చే ప్రకటనలు. అంటే శనివారం గేటు దగ్గర ఎంత వచ్చిందన్నదాని మీదే ఆ వారం జీతాలు ఆధారపడతాయి. జనం రెండు వారాలు రాకపోతే మూడో వారం ఇబ్బంది మొదలవుతుంది.

చెస్టర్ ఏమీ అనామక క్లబ్బు కాదు. 1931లో, నాన్-లీగ్‌కు పైన ఉండే ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. లివర్‌పూల్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ కొట్టిన ఇయాన్ రష్ ఆట మొదలుపెట్టింది ఇక్కడే. 1980లో అతన్ని 3 లక్షల పౌండ్లకు లివర్‌పూల్‌కు ఇచ్చారు, ఆ వయసు ఆటగాడికి అప్పట్లో అది రికార్డు. కానీ 1990లో సీలాండ్ రోడ్‌లోని పాత మైదానాన్ని అమ్మేశాక క్లబ్బు రెండేళ్లు మాక్లెస్‌ఫీల్డ్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. 1992లో కట్టిన డేవా స్టేడియం ఒక వింత చోటులో ఉంది. ఆఫీసు, ముఖద్వారం ఇంగ్లాండ్‌లో, మైదానం చాలా వరకు వేల్స్‌లో. (2022 జనవరిలో ఇదే పెద్ద తలనొప్పి అయింది. వేల్స్ కోవిడ్ నిబంధనల ప్రకారం యాభై మందికి మించి ప్రేక్షకులు ఉండకూడదు. ఇంగ్లాండ్ లీగ్‌లో ఆడుతున్న జట్టు రెండు వేల మందితో మ్యాచ్‌లు జరిపిందని వేల్స్ అధికారులు తాఖీదు ఇచ్చారు.)

సొంత మైదానం పోయిన క్లబ్బుకు అప్పు పుట్టించే ఆస్తి ఏదీ ఉండదు. అలాంటి క్లబ్బు ఎవరు డబ్బు పెడతానంటే వాళ్ల చేతికి పోతుంది. 1999లో టెర్రీ స్మిత్ అనే అమెరికన్ కొన్నాడు. అతను ఎరిగిన ఆట అమెరికన్ ఫుట్‌బాల్. మేనేజర్ వెళ్లిపోతే జట్టును తనే నడిపించడానికి కూర్చున్నాడు. 2000లో చెస్టర్ 69 ఏళ్ల తర్వాత ఫుట్‌బాల్ లీగ్ నుంచి బయటకు పడింది. 2001లో లివర్‌పూల్‌కు చెందిన బాక్సింగ్ ప్రమోటర్ స్టీఫెన్ వాన్ వచ్చాడు. మొదట్లో అతన్ని ఆదుకున్నవాడిగానే చూశారు. అందులో తప్పు లేదు. మార్క్ రైట్ మేనేజర్‌గా 2004లో జట్టు కాన్ఫరెన్స్ గెలిచి మళ్లీ లీగ్‌లోకి వెళ్లింది. ఆ ఆనందం ఐదేళ్లే. 2009లో చెస్టర్ మళ్లీ కిందకు వచ్చింది.

ఇక్కడి నుంచి కథ మైదానం దాటి లెక్కల పుస్తకాల్లోకి వెళ్తుంది. 2009 మే నెలలో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అంటే అప్పులవాళ్ల ఒత్తిడి నుంచి చట్టం నీడన తాత్కాలికంగా తలదాచుకోవడం. అప్పులు 70 లక్షల పౌండ్ల పైమాటే, అందులో పెద్ద భాగం యజమాని తానే క్లబ్బుకు ఇచ్చినట్టు చూపినది. దీని ఫలితం ఏమిటో చూడండి. అప్పులవాళ్లంతా కలిసి కొంత మొత్తానికి రాజీ పడాలంటే ఓటు వెయ్యాలి, ఎవరికి ఎక్కువ రావాలో వాళ్ల ఓటుకు అంత బరువు. క్లబ్బును ఆ స్థితికి తెచ్చిన యజమానే అందరికంటే పెద్ద అప్పులవాడు. రాజీ కుదిరింది, పన్నుల శాఖ ఒప్పుకోకపోయినా. క్లబ్బు కొత్త కంపెనీ పేరు మీదికి మారింది. కొత్త కంపెనీ కూడా అదే యజమానిది.

లీగ్ ఊరుకోలేదు. అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లినందుకు 10 పాయింట్లు, అందులోంచి బయటపడిన తీరుకు మరో 15 పాయింట్లు కోసింది. సీజన్ మొదటి మ్యాచ్‌కు ముందే చెస్టర్ పట్టికలో మైనస్ 25. గెలుపుకు మూడు పాయింట్ల చొప్పున ఎనిమిది మ్యాచ్‌లు గెలిచినా ఇంకా సున్నాకు చేరదు. పైగా ఇంగ్లాండ్‌లో ఆటను పాలించే ఫుట్‌బాల్ అసోసియేషన్ గుర్తింపు ఇవ్వడంలో జాప్యం జరిగి మొదటి మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. చెమటోడ్చి ఆడే కుర్రాళ్లకు తాము దేనికోసం ఆడుతున్నారో తెలియని పరిస్థితి. ఫిబ్రవరిలో ఆట ఆగిపోయే నాటికి కూడా ఆ జట్టు సున్నా దాటలేదు.

పాయింట్ల కోత గురించి ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. అప్పులు ఎగ్గొట్టిన క్లబ్బు పోటీలో లాభపడకూడదన్న ఆలోచన సరైనదే. తన లెక్కలు తాను చక్కగా తీర్చే పక్క క్లబ్బుకు అది న్యాయం. కానీ ఆ శిక్ష ఎవరి మీద పడుతోంది? అప్పు చేసినది ఒకరు, మైనస్ 25 మొయ్యాల్సింది వేరొకరు. ఆటగాళ్లు, సీజన్ టికెట్ కొన్న ముసలాయన, తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లవాడు. యజమానికి మాత్రం క్లబ్బు పగ్గాలు అలాగే ఉంటాయి. ఈ శిక్షలో లోపం అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు, అది గురి తప్పి పడుతోందన్నది.

దీనికి సాక్ష్యం అదే సంవత్సరంలో ఉంది. 2008-09లో నాలుగో అంచె నుంచి కిందకు వచ్చిన జట్లు రెండు: చెస్టర్ ఒకటి, రెండోది లూటన్ టౌన్. లూటన్‌కు పడిన కోత ఇంకా పెద్దది, ఏకంగా 30 పాయింట్లు. పాత యాజమాన్యాల తప్పులకు కొత్తవాళ్లు కట్టిన మూల్యమది. కానీ లూటన్‌ను అప్పటికే ఊరి అభిమానులే ఒక బృందంగా ఏర్పడి కొన్నారు, అభిమానుల సంఘానికి అందులో వాటా ఉంది. 2009 ఏప్రిల్‌లో, కిందకు జారడం ఖాయమైపోతున్న రోజుల్లోనే, వాళ్లు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో లీగ్ ట్రోఫీ గెలిచారు. దాదాపు 40 వేల మంది లూటన్ జనం ఆ మ్యాచ్‌కు తరలివెళ్లారు. ఐదో అంచెలో ఐదేళ్లు గడిపి, మెట్టు మెట్టు ఎక్కి, 2023లో ఆ క్లబ్బు ప్రీమియర్ లీగ్‌లో కాలు పెట్టింది. ఒకే సమయంలో, ఒకే మెట్టు మీద నుంచి పడిన రెండు క్లబ్బులివి. పెద్ద శిక్ష పడ్డది బతికింది, చిన్న శిక్ష పడ్డది చచ్చింది. తేడా యాజమాన్యంలో ఉంది.

2009 నవంబరులో చెస్టర్‌లో రెండు సంగతులు జరిగాయి. ఈస్ట్‌బోర్న్ బరోతో సొంత మైదానంలో మ్యాచ్ జరుగుతుండగా అభిమానులు మైదానంలోకి దిగి కూర్చున్నారు, మ్యాచ్ మధ్యలోనే రద్దయింది. అదే నెలలో యజమాని వాన్ మీద పదకొండేళ్ల పాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్‌గా ఉండకూడదన్న నిషేధం పడింది. ఇది ఫుట్‌బాల్‌కు సంబంధించింది కాదు, అతను గతంలో నడిపిన విడ్నెస్ వైకింగ్స్ రగ్బీ క్లబ్బులో దాదాపు 5 లక్షల పౌండ్ల వ్యాట్ మోసానికి సంబంధించింది. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో యజమానుల కోసం పెట్టిన ‘యోగ్యత పరీక్ష’లో తప్పిన మొదటి క్లబ్బు యజమాని అతనే అయ్యాడు. కానీ ఆ పరీక్ష అతన్ని పట్టుకున్నది ఎప్పుడు? అతను క్లబ్బు పట్టి ఎనిమిదేళ్లు అయ్యాక. అప్పటికి క్లబ్బు ఒకసారి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లి వచ్చింది కూడా. పరీక్షలో తప్పినా పగ్గాలు ఆ కుటుంబం చేతిలోనే ఉండిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అభిమానుల ముందు రెండే దారులు మిగిలాయి, రెండూ నొప్పి పెట్టేవే. టికెట్ కొని లోపలికి వెళ్తే ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో తెలుసు. కొనకపోతే జట్టు బతకదు. చాలామంది కొనకుండా ఉండిపోవడమే ఎంచుకున్నారు. మొదట వేలల్లో వచ్చే జనం కొన్ని వందలకు పడిపోయారు. ఎదిగిన నాటి నుంచి ప్రతి శనివారం వెళ్లిన మైదానం గేటు బయట నిలబడి, లోపల తన జట్టు ఆడుతున్న చప్పుడు వింటూ, లోపలికి వెళ్లకపోవడం తేలికైన పని కాదు. ఊళ్లో దీనిమీద గొడవలు జరిగాయి. లోపలికి వెళ్లినవాళ్లు జట్టును వదల్లేదన్నారు, బయట నిలబడ్డవాళ్లు క్లబ్బును వదల్లేదన్నారు. జట్టూ క్లబ్బూ వేరు వేరు అని అభిమానులు తేల్చుకోవాల్సి రావడం ఏ క్లబ్బుకైనా ఘోరమైన దశ.

ఈ వ్యాసం దృష్టిలో బయట నిలబడ్డవాళ్లదే సరైన నిర్ణయం. కారణం సెంటిమెంటు కాదు. ఆ దశలో గేటు డబ్బు క్లబ్బును బాగు చేసే స్థితి లేదు, మరో రెండు నెలలు సాగదీసేది, అంతే. ఆ రెండు నెలల్లో ఊరి వ్యాపారుల బాకీలు ఇంకా పెరిగేవి.

బాకీల విషయంలో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో ఒక పాత ఆచారం ఉంది, దాన్ని తెలుసుకుంటే బస్సు డ్రైవర్ల కోపం ఇంకా బాగా అర్థమవుతుంది. ఏ క్లబ్బైనా దివాలా తీస్తే, తిరిగి పోటీలో ఉండాలంటే ముందుగా ఆటగాళ్లకూ ఇతర క్లబ్బులకూ ఇవ్వాల్సింది పూర్తిగా ఇవ్వాలి. ఆ రోజుల్లో మిగతావాళ్లకు, అంటే పన్నుల శాఖ, మైదానంలో అత్యవసర వైద్య సాయం చేసే స్వచ్ఛంద సంస్థ, ప్రోగ్రాం పుస్తకం అచ్చువేసిన ప్రెస్సు, మాంసం ఇచ్చిన దుకాణం, బస్సు కంపెనీ, వీళ్లందరికీ పౌండుకు కొన్ని పెన్నీలు దక్కితే దక్కినట్టు. పన్నుల శాఖ ఈ పద్ధతి మీద ఫుట్‌బాల్ లీగ్‌తో హైకోర్టులో పోరాడి 2012లో ఓడిపోయింది. ఈ వరసలో బస్సు కంపెనీ చోటు కూడా వెనకే. పైగా తన సొమ్ము రాబట్టుకోవడానికి దాని దగ్గర ఉన్నది ఒకే ఆయుధం: బండి తియ్యకపోవడం. ఫిబ్రవరి 9న వాడింది అదే. ఫుట్‌బాల్ అసోసియేషన్ యోగ్యత పరీక్షా, లీగ్ పాయింట్ల కోతా చెయ్యలేని పని ఆ సాయంత్రం బస్సు ఆగడంతో జరిగిపోయింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

లీగ్ వెంటనే సస్పెండ్ చేసింది. ఫిబ్రవరి 26న సభ్య క్లబ్బులన్నీ సమావేశమై బహిష్కరణకు ఓటేశాయి. చెస్టర్ ఆ సీజన్‌లో ఆడిన మ్యాచ్‌ల ఫలితాలన్నీ రికార్డుల నుంచి చెరిపేశారు. చెస్టర్ మీద కష్టపడి గెలిచిన జట్లు పాయింట్లు పోగొట్టుకున్నాయి, ఓడినవాళ్లకు ఊరట. 24 క్లబ్బుల లీగ్ 23 అయింది, ఒక్కో జట్టుకు 46కు బదులు 44 మ్యాచ్‌లే మిగిలాయి. అదే సీజన్ చివర్లో సాల్స్‌బరీ సిటీ కూడా ఆర్థిక కారణాలతో కిందకు నెట్టబడితే, కిందకు జారాల్సిన ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ ఐదో అంచెలోనే ఉండిపోయింది.

చెస్టర్ జనం ఏడుస్తూ కూర్చోలేదు. ‘సిటీ ఫ్యాన్స్ యునైటెడ్’ పేరుతో అభిమానుల సంఘం అప్పటికే సిద్ధంగా ఉంది. ఒక సభ్యుడికి ఒకే ఓటు, ఎంత డబ్బు పెట్టినా సరే. స్టేడియం స్థానిక కౌన్సిల్‌ది కావడం ఇక్కడ కలిసొచ్చింది. 1990లో పాత మైదానం పోవడం క్లబ్బుకు బలహీనతగా మారింది గానీ, కొత్త మైదానం ప్రజల ఆస్తిగా ఉండబట్టే 2010లో దాని తాళాలు అభిమానుల చేతికి వచ్చాయి. ‘చెస్టర్ ఎఫ్‌సి’ అన్న కొత్త క్లబ్బును మొదట తొమ్మిదో అంచెలో పెట్టారు, అప్పీలు చేసి ఎనిమిదో అంచెలో చోటు సంపాదించుకున్నారు. నీల్ యంగ్ మేనేజర్‌గా 2011, 2012, 2013 మూడేళ్లూ వరసగా మూడు లీగ్‌లు గెలిచారు. మూడో ఏడాది 107 పాయింట్లు. వందల్లోకి పడిపోయిన జనం, మూడు అంచెలు దిగువన ఆడుతున్న జట్టు కోసం రెండు వేలు దాటి వచ్చారు. ఆ ఊరు ఫుట్‌బాల్‌ను వదిలేసిందని 2010 జనవరిలో అనుకున్నవాళ్లకు ఇదే జవాబు.

హైదరాబాద్ పాఠకులకు ఈ కథ ఎక్కడో తగులుతుంది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సి, 2023-24 సీజన్‌లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు, కోచ్ ఒక్కొక్కరే వెళ్లిపోగా, కుర్రాళ్లతో నెట్టుకొచ్చి 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అభిమానులకు దానిమీద మాట చెప్పే హక్కు ఏమీ లేదు. ఫ్రాంచైజీ పద్ధతిలో జట్టు యజమాని ఆస్తి, ఊరు దానికి చిరునామా మాత్రమే. కింది అంచెలో కొత్తగా మొదలుపెట్టి పైకి ఎక్కే నిచ్చెన ఇంగ్లాండ్‌లో ఉంది కాబట్టే చెస్టర్ జనానికి ఆ అవకాశం దక్కింది. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ రోజుల నుంచి ఎందరో మేటి ఆటగాళ్లను దేశానికి ఇచ్చిన హైదరాబాద్‌కు అలాంటి అవకాశం దక్కకపోవడం బాధాకరం.

అలాగని అభిమానుల చేతికి వస్తే అన్నీ చక్కబడతాయని కాదు. 2013-14లో చెస్టర్ ఎఫ్‌సి ఐదో అంచెలో 21వ స్థానంలో నిలిచి కిందకు జారింది. ఆఖరి రోజున గెలిచి, గోల్స్ తేడాతో దాన్ని దాటినది హెర్‌ఫర్డ్ యునైటెడ్. నెలన్నరకే ఆ హెర్‌ఫర్డ్‌ను అప్పులు తీర్చలేదని లీగ్ బహిష్కరించింది, చెస్టర్ బతికిపోయింది. నాలుగేళ్ల కింద తమ పాలిట పడిన కత్తే మరో ఊరి మీద పడి తమను కాపాడిందని చెస్టర్‌లో ఎవరూ పండగ చేసుకోలేదు. 2018 జనవరిలో వాళ్లే మళ్లీ గండంలో పడ్డారు. ఆదాయానికి మించి ఖర్చు పెట్టామని, సీజన్ ముగిసే దాకా డబ్బు సరిపోదని, సంఘం సభ్యులందరినీ పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొన్ని వారాల్లోనే చందాలు పోగయ్యాయి. ఆ సీజన్‌లో జట్టు కిందకు జారింది గానీ తలుపులు మూసుకోలేదు. 2009లోనూ 2018లోనూ ఖజానా ఖాళీయే. 2018లో లెక్క అందరి ముందూ ఉంది, తప్పు చేసినవాళ్లను ఓటుతో దించే వీలుంది. డబ్బు అడిగితే జనం ఇచ్చారు, ఎందుకంటే అది ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలుసు.

బ్రిటన్ పార్లమెంటు 2025 జులైలో ఫుట్‌బాల్ పాలన చట్టం తెచ్చింది. దాని కింద ఏర్పడిన స్వతంత్ర నియంత్రణ సంస్థ క్లబ్బులకు లైసెన్సులు ఇస్తుంది, కొనబోయేవాళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ఆరా తీస్తుంది, అనుమతి లేకుండా మైదానం అమ్మకుండా అడ్డుకుంటుంది. యోగ్యత పరీక్ష ఎనిమిదేళ్లు ఆలస్యంగా కాకుండా మొదటి రోజే పట్టుకోవాలన్న ఆలోచన ఎట్టకేలకు చట్టంలోకి ఎక్కింది. అయితే ఈ సంస్థ అధికారం పై ఐదు అంచెల క్లబ్బులకే పరిమితం. చెస్టర్ ఎఫ్‌సి 2018లో జారిన ఆరో అంచెలో, నేషనల్ లీగ్ నార్త్‌లోనే, ఇంకా ఆడుతోంది. దాని లెక్కలు చూసే బాధ్యత ఇప్పటికీ దాని సభ్యులదే.